నల్ల బ్యూక్ వెనకాల ఊరేగింపు

శనివారం పొద్దున వెండెల్ గొరెస్కీ గడ్డం గీసుకుని, బీరువాలోంచి టై తీశాడు. ఆ టైకి ముడి ఎప్పుడో భార్య జెనీవీవ్ వేసింది. ఆమె పోయాక, విప్పితే మళ్ళీ వెయ్యడం చేతకాదని ఆ ముడిని అలాగే ఉంచేశాడు. అందులో తల దూర్చి, కొంచెం బిగించి, అద్దంలో చూసుకున్నాడు. సంఘం అధ్యక్షుడిలాగే ఉన్నాడు. సంఘమే ఉందో లేదో తెలీదు.

ఆవేళ ఉడ్వర్డ్ పాతకార్ల సంఘం వారి ఊరేగింపు. ఏటా ఒకసారి జరుగుతుంది. డెట్రాయిట్ నది ఒడ్డున బయల్దేరి, ఉడ్వర్డ్ రోడ్డు మీద ఉత్తరంగా పోయి, ఊరు దాటాక ఉన్న రూట్ బీరు కొట్టు దగ్గర ఆగుతారు. పేరుకే బీరు, పిల్లలు కూడా తాగుతారు. ఊరేగింపుకి కొన్ని పద్ధతులున్నాయి. అధ్యక్షుడి కారు ముందుండాలి. దానికి నారింజరంగు జెండా కట్టాలి. పట్టపగలైనా కార్లన్నీ దీపాలు వేసుకోవాలి. మెల్లగా పోవాలి. మధ్యలో పరాయి కారు దూరేంత సందు ఇవ్వకూడదు. ఈ పద్ధతులన్నీ వెండెల్ పెట్టినవే.

ఒకప్పుడు ముందున్న కారు ఒక చౌరస్తాలో ఉంటే చివరి కారు ఇంకో చౌరస్తాలో ఉండేది. ఇప్పుడు అతను కాక మిగిలింది ముగ్గురే. వాళ్ళని రమ్మంటే తలా ఒక సాకు. ఫెరిస్‌కి మోకాలు నొప్పి. హ్యూబర్ట్‌కి మనవడి బంతాట. మైలోకి ఏమొచ్చిందో మైలో కూడా సరిగా చెప్పలేకపోయాడు. ఆ తర్వాత ముగ్గురూ ఫోన్లు ఎత్తడం మానేశారు. కొన్నాళ్ళు చూసి, వెండెల్ కూడా చెయ్యడం మానేశాడు.

టై సర్దుకుంటుండగా ఫోన్ మోగింది. ఆత్రంగా ఎత్తాడు. పాతకార్లు కొనే డ్వేన్.

"వెండెల్ గారూ, సాయంత్రం లారీ తీసుకుని రమ్మంటారా?"

"నా మాట గుర్తుందిగా."

"ఉందండి. ఇవాళ మీ వెనక ఒక్క కారొచ్చినా అమ్మరు."

"ఒక్కటి. రెండు అడగడం లేదు."

"వస్తుందంటారా?"

"రాకపోతే తాళం నీ చేతిలో పెడతాను. వెనక ఎవడూ రానప్పుడు ముందు నడిచి ఏం లాభం?"

డ్వేన్ మంచివాడు.  "సరేనండి, సాయంత్రం వస్తాను" అన్నాడు.

ఆ కారు నల్ల బ్యూక్. పడవంత పొడుగు. వెండెల్ పనిచేసినన్నాళ్ళూ కార్ఖానాలో కార్లకి తలుపులు బిగించాడు. అందుకని తలుపు వేసిన చప్పుడు విని కారు మంచిదో కాదో చెప్పేస్తాడు. ఎవరూ అడక్కపోయినా చెబుతాడు. అతని లెక్కలో ఇప్పటి కార్లన్నీ అరిగిపోయిన సబ్బుబిళ్ళలు, ఏది ముందో ఏది వెనకో తెలీదు. ముందు సీటు సోఫాలాగా ఒకే పలక ఉండాలి. మధ్యలో గొయ్యి తవ్వి కాఫీ కప్పు పెట్టుకోవడం ఏంటి, అక్కడ పెళ్ళాం కూర్చోవాలి అంటాడు. ఊళ్ళ సంగతి ఎత్తితే ఇక ఆగడు. షికాగోలో కారు నిలపడానికి చోటు వెతుక్కుంటూ మనుషులు ముసలివాళ్ళయిపోతారు. లాస్ ఏంజిలస్‌లో ఆ బాధ లేదు, రోడ్డు మీదే నిలబడి ఉంటాయి. అట్లాంటాలో సగం రోడ్లకి ఒకటే పేరు, భోజనానికి పోయినవాడు ఎవడింట్లో తిన్నాడో వాడికే తెలీదు. న్యూయార్క్ ఊరు కాదు, హారన్.

డెట్రాయిట్ దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గుతుంది. "దేశానికంతా మనమే కార్లు చేసిపెట్టాం. మనవాళ్ళు వాటినెక్కే వెళ్ళిపోయారు" అంటాడు. అక్కడ ఆగుతాడు. కానీ ఎవరూ అక్కడిదాకా వినరు. పక్కింటి ఒడెస్సా షికాగో పేరు వినగానే మొక్కలకి పెడుతున్న నీళ్ళు కట్టేసి లోపలికి పోతుంది. ఈ మధ్య ఆవిడ కూడా లేదు. క్లీవ్‌లాండ్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళి మూడు వారాలైంది.

నది ఒడ్డున హోటల్లో వెండెల్ నలుగురి బల్ల దగ్గర కూర్చున్నాడు. పనిచేసే అమ్మాయి నాలుగు కప్పులు పెట్టింది.

"మిగతావాళ్ళు వస్తున్నారా?"

"వస్తారు."

ఒక కప్పు కాఫీ తాగాడు. ఇంకొకటి తాగాడు. ఆ అమ్మాయి బల్ల తుడవడానికి వచ్చి, ఒక కప్పు తీసింది. ఇంకోసారి వచ్చి ఇంకొకటి తీసింది. మూడోది తియ్యబోతుంటే వెండెల్ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆమె అది అలాగే వదిలేసింది.

లేచి వెళ్ళి జెండా కట్టాడు. దీపాలు వేశాడు. అద్దంలో వెనక్కి చూశాడు. ఖాళీ రోడ్డు. పద్ధతి పద్ధతే గనక మెల్లగా కదిలాడు.

కొంతదూరం పోయాక రోడ్డు పక్కన ఒక చర్చి ఉంది. సంగతేమిటంటే, అక్కడ ఎజ్రా అనే రిటైరైన బస్సు డ్రైవర్ అంత్యక్రియలు జరుగుతున్నాయి. శవపేటిక ఉన్న కారు, భార్య కూర్చున్న కారు వెళ్ళిపోయాయి. రోడ్డు మీద బండ్లు అడ్డం పడి మిగతా కార్లన్నీ చర్చి గేటులో చిక్కుకుపోయాయి. ఈ దేశంలో శవయాత్రకి పోయే కార్లన్నీ పగలు దీపాలు వేసుకుంటాయి. నారింజరంగు జెండాలు పెట్టుకుంటాయి. మెల్లగా పోతాయి. మధ్యలో సందు ఇవ్వవు. తెల్లచేతొడుగుల మనిషి ఒకడు రోడ్డు మీద నిలబడి బండ్లని ఆపుతున్నాడు. దీపాలు, జెండా, పొడుగాటి నల్లకారు, అందులో టై కట్టుకుని మొహం వేలాడేసుకున్న పెద్దాయన. వాడికింకేం కావాలి? దగ్గరి చుట్టమెవరో వెనకబడ్డారనుకుని, దణ్ణం పెట్టినట్టు తల వంచి, పదమని చెయ్యి ఊపాడు.

కారు విలువ తెలిసిన కుర్రాడనుకుని వెండెల్ కూడా తల ఊపాడు.

కాసేపటికి అద్దంలో చూస్తే వెనక దీపాలు. ఒక కారు. దాని వెనక ఇంకొకటి. రోడ్డు ఎత్తుగా లేచినచోట వెనక్కి తిరిగి చూశాడు. దీపాలు చర్చి దాకా ఉన్నాయి.

వెండెల్ టై సర్దుకున్నాడు. ఫెరిస్ పంపించి ఉంటాడు. లేకపోతే ఎవరో కుర్రాళ్ళ చెవిన పడి ఉంటుంది. పరీక్షగా కొంచెం మెల్లగా పోనిచ్చాడు. అందరూ మెల్లగా వచ్చారు. ఒక గుంత తప్పించాడు. అందరూ తప్పించారు. ఎర్ర లైటు దగ్గర ఆగాడు. వెనక కారులో టోపీ పెట్టుకున్న ఒకావిడ చేతులు ఊపుతూ పద పద అంది. శవయాత్ర ఆగక్కర్లేదని ఆవిడ అర్థం. పలకరిస్తోందనుకుని వెండెల్ కూడా ఊపాడు. ఆవిడ ఇంకా గట్టిగా ఊపింది. అతను కూడా ఊపాడు.

ఎదురొచ్చే బండ్లు పక్కకి తప్పుకుని ఆగుతున్నాయి. దూరం నుంచి వస్తున్న పెద్ద బస్సు కూడా ఆగింది. పేవ్‌మెంట్ మీద ఒక ముసలాయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. మర్యాద తెలిసిన మనుషులు ఈ ఊళ్ళో ఇంకా ఉన్నారన్నమాట. పక్కన ఖాళీగా ఉన్న సీటు వైపు తిరిగి, "చూశావా?" అన్నాడు.

శ్మశానం గేటు కుడివైపున వచ్చింది, వెనక్కి పోయింది. వెనక ఒక హారన్ మోగింది. ఉత్సాహంగా ఉన్నారనుకున్నాడు.

రూట్ బీరు కొట్టు ఎడమవైపున ఉంది. ఉడ్వర్డ్ మీద ఎడమకి తిరగాలంటే తిన్నగా ఎడమకి తిరగనివ్వరు. దాటుకుని ముందుకి పోవాలి, మధ్యగట్టులో సందు చూసుకుని మొత్తం వెనక్కి మళ్ళాలి, అప్పుడు కుడికి తిరగాలి. వెండెల్ అలాగే తిరిగాడు. వెనక కార్లన్నీ అలాగే తిరిగాయి. కొంతసేపు రోడ్డుకి ఆ వైపూ ఈ వైపూ ఒకే ఊరేగింపు ఎదురెదురుగా నడిచింది. ఒహాయో నుంచి వచ్చిన చుట్టాలు అవతలి వరసలో పోతున్న తమ సొంతవాళ్ళని చూసి, అదింకో శవయాత్రేమోనని తలలు వంచారు.

కొట్టు ఆవరణ నిండిపోయింది. పళ్ళేలు కారు అద్దాలకి తగిలించే అమ్మాయి బయటికొచ్చి చూసింది. కారుకారులోనూ నల్లబట్టలు, పెద్ద టోపీలు, రుమాళ్ళు.

"అందరికీ రూట్ బీరేనా అండీ?" అని వెండెల్‌ని అడిగింది.

"అందరికీ. నా లెక్కలో రాయి" అన్నాడు.

వెనక కారులోంచి టోపీ ఆవిడ దిగొచ్చింది. ఎజ్రా చెల్లెలు లవీనియా. కొట్టు వైపు చూసింది. బ్యూక్ వైపు చూసింది.

"ఇక్కడ ఆపమని ఎవరు చెప్పారన్నా?"

"ఏటా ఇక్కడే ఆపుతాం కదమ్మా."

ఆవిడ కళ్ళు నిండిపోయాయి. "మా అన్నయ్య మమ్మల్ని బస్సెక్కించి ఇక్కడికే తెచ్చేవాడు, చిన్నప్పుడు. ఇక్కడ ఆపాలని వదినకి చెప్పకుండా నీకు చెప్పుకున్నాడన్నమాట" అంది. వెంటనే పక్క కారు దగ్గరికి పోయి కిటికీలో తలపెట్టింది. ఆ మాట కారు నుంచి కారుకి పాకింది. మూడో కారు దగ్గర అది ఎజ్రా చివరి కోరిక. చివరి కారు దగ్గరికి చేరేసరికి, ప్రాణం పోయే ముందు అడిగింది ఇదేనని, ఎవరూ తాగించలేదని అయింది. ఆ కారులోవాళ్ళు భోరుమన్నారు.

వెండెల్ ఇవేమీ వినలేదు. చేతులు వెనక్కి కట్టుకుని వరస పొడుగునా నడుస్తూ వచ్చిన కార్లని చూస్తున్నాడు. ఒక్కటీ పాతది లేదు. అన్నీ సబ్బుబిళ్ళలే. అయినా కడుపు నిండినట్టు ఉంది గనక మెత్తగానే మాట్లాడదామనుకున్నాడు. బూడిదరంగు చిన్న కారు దగ్గర ఆగాడు. దాన్ని ఆనుకుని ఎజ్రా మేనల్లుడు ఆల్టన్ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఇదేంటి బాబూ?"

"కారండీ."

"అది నువ్వు చెబితే తెలిసింది. బాధపడకు. కుర్రతనంలో అందరం తప్పులు చేస్తాం. వచ్చే ఏటికి ఏదైనా మంచి బండి చూసుకో."

ఆల్టన్ ముక్కు చీదడం ఆపాడు. "వచ్చే ఏటికా? ఏం, వచ్చే ఏడు ఎవరు పోతారు?"

"అందరం పోదాం. ఏటా పోయేదేగా."

ఆల్టన్ అతన్ని పైనుంచి కింది దాకా చూశాడు. "మీరు మా ఎజ్రా మామయ్యకి ఏమవుతారండీ?"

"ఏ ఎజ్రా?"

"పోయిన ఎజ్రా."

"ఎక్కడికి పోయాడు?"

ఆల్టన్ వెనక్కి తిరిగి "పిన్నీ, ఒకసారి ఇటు రా" అన్నాడు. అంతలో అతని ఫోన్ మోగింది. అవతల ఎజ్రా భార్య. శ్మశానంలో పేటిక, పాస్టరు, తను తప్ప ఎవరూ లేరని, మనుషులంతా ఏ గంగలో దిగారని అడుగుతోంది. ఆల్టన్ బోర్డు చూసి, "రూట్ బీరు కొట్లో ఉన్నాం అత్తయ్యా" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నాడు.

వెండెల్ చుట్టూ జనం చేరారు. అతను చేతిలో గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. జెండా వైపు చూశాడు. వాళ్ళ కార్ల మీదున్న జెండాల వైపు చూశాడు. అద్దంలో ఇందాక దీపాలే కనిపించాయి, జెండాలు కనిపించలేదు.

"మీరంతా నా కోసం వచ్చారనుకున్నానమ్మా" అన్నాడు.

తిడదామని వచ్చిన లవీనియా ఆ మాటతో చల్లబడింది. "ఎంతమంది వస్తారనుకున్నావన్నా?" అంది.

"ఒకరు."

 వెండెల్ గ్లాసు కింద పెట్టి అడిగాడు. "మీ అన్నయ్య ఏ కారు నడిపేవాడు?"

"అన్నయ్యకి కారెక్కడిది? జన్మంతా బస్సు నడిపాడు. కారు కొనుక్కో అన్నయ్యా అంటే, ఒక్కణ్ణీ ఎక్కడికి పోతాను, జనం లేకపోతే నాకు తోచదు అనేవాడు."

కార్లు చేసే ఊళ్ళో కారు లేని మనిషి గురించి వెండెల్‌కి గట్టి అభిప్రాయం ఒకటుండేది. ఆ వరస మొదటి నుంచి చివరి దాకా చూశాడు. నోరు తెరవలేదు.

"దగ్గరి దారి నాకు తెలుసు. రండి" అన్నాడు.

శ్మశానం దాకా ముందు నడిచి, అందర్నీ లోపలికి పంపి, తను చివర నిలబడ్డాడు. ఎజ్రా భార్య మట్టి వేశాక అతని దగ్గరికొచ్చి, "నువ్వేనా వీళ్ళని దారి తప్పించింది?" అంది. అతను తల వంచాడు. "ముప్ఫై ఏళ్ళు ఈయన బస్సు ఆలస్యమని జనం తిట్టారు. ఇవాళ జనమే ఆలస్యంగా వచ్చారు. పోనీలే, చెల్లుకి చెల్లు" అంది. భోజనానికి రమ్మని లవీనియా చెయ్యి పట్టుకుంది. సాయంత్రం ఒకరికి మాటిచ్చానని చెప్పి వెండెల్ విడిపించుకున్నాడు.

జెండా విప్పాడు. దీపాలు ఆర్పాడు. గేటు దగ్గర కార్లు తలొక దారినా పోయాయి. ఇంటిదాకా అద్దంలో చూడలేదు.

ఇంటి ముందు డ్వేన్ లారీ ఉంది. డ్వేన్ టోపీ చేత్తో పట్టుకుని గడ్డిలో నిలబడి ఉన్నాడు. వరండా మెట్ల మీద ఫెరిస్, హ్యూబర్ట్, మైలో కూర్చున్నారు. ముగ్గురూ నల్లకోట్లలో ఉన్నారు. పక్కింటి ఒడెస్సా మూతపెట్టిన గిన్నె ఒకటి వొళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది.

బ్యూక్ ఆగింది. వెండెల్ దిగి తలుపు వేశాడు. ఆ చప్పుడికి నలుగురూ తలలెత్తారు.

"నువ్వు పోలేదా?" అన్నాడు ఫెరిస్.

"పోయాను. రూట్ బీరు కొట్టు దాకా."

"పోయావని ఒడెస్సా ఫోన్ చేసింది."

ఒడెస్సా గిన్నె పక్కన పెట్టింది. "క్లీవ్‌లాండ్ నుంచి వస్తూ నేను బస్సులోంచి చూశానయ్యా. నీ కారు, జెండా, వెనక అన్ని కార్లు. మీ సంఘానికి అన్ని కార్లెక్కడివి? లోపల టై కట్టుకుని ఎవరో నడుపుతున్నారు. నువ్వు టై కట్టగా నేనెప్పుడు చూశాను? బతికుండగా ఆ కారు ఇంకొకళ్ళకి ఇవ్వవు. అంటే పోయావనే కదా."

"నిజమే అనుకున్నాం" అన్నాడు హ్యూబర్ట్. "నీ ఫోన్లు కూడా ఆగిపోయాయి."

"ఎత్తలేదు కదరా."

"మోగేది కదా" అన్నాడు మైలో.

వెండెల్ వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. "మీ కార్లేవి?"

ముగ్గురూ నేల చూపులు చూశారు. డ్వేన్ గడ్డి చూశాడు.

"మా అమ్మాయి దింపేసి పోయింది" అన్నాడు ఫెరిస్.

"నేను అడిగింది మీ కార్లు."

ఫెరిస్ మోకాలు రుద్దుకున్నాడు. "అమ్మేశాం వెండెల్. నాది పోయిన చలికాలంలో. వీళ్ళవి దానికి ముందే. డ్వేన్‌కే అమ్మాం. నీకు చెప్పొద్దని వాడి చేత ఒట్టు వేయించుకున్నాం."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఊరుకుంటావా? సబ్బుబిళ్ళ దగ్గర మొదలుపెట్టి అట్లాంటా దాకా తీసుకుపోతావు. ఆ మోకాలి నొప్పే నయమనిపించింది."

వెండెల్ మెట్టు మీద కూర్చున్నాడు. ముగ్గురూ భయంగా అతని నోటి వైపు చూస్తున్నారు. అతను టై కొంచెం వదులు చేసుకున్నాడు, ముడి ఊడకుండా. ఏమీ అనలేదు. అతను ఏమీ అనకపోవడం వాళ్ళు ఎప్పుడూ చూసి ఉండలేదు. మైలో అతని భుజం మీద చెయ్యి వేసి, ఏం చెయ్యాలో తెలీక మళ్ళీ తీసేశాడు.

డ్వేన్ మెల్లగా దగ్గరికొచ్చాడు. "వెండెల్ గారూ, ఇవాళ వద్దంటే రేపొస్తాను."

"మాట మాటే డ్వేన్. వెనక చాలామంది వచ్చారు. నా కోసం ఎవరూ రాలేదు." జేబులోంచి తాళం తీశాడు.

అప్పుడు హ్యూబర్ట్ గొంతు సవరించుకున్నాడు. "అది కాదుగానీ, మమ్మల్ని ఇంటికి ఎవరు దింపుతారు? రాత్రి దాకా శవజాగారం ఉంటుందనుకుని పిల్లల్ని పంపేశాం."

"ఆ గిన్నెలోది తినేసి పోదాం" అన్నాడు మైలో.

"కార్లో తిందాం" అన్నాడు ఫెరిస్. "నేను కిటికీ పక్కన. మైలోని మధ్యలో వెయ్యండి. వాడే సన్నం."

"మోకాలు నొప్పన్నావు."

"తగ్గింది."

ఒడెస్సా గిన్నె పట్టుకుని అప్పటికే వెనక సీటెక్కింది. "షికాగో పేరెత్తితే దిగిపోతాను" అంది లోపల్నుంచి. తలుపులు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి.

వెండెల్ తాళం చేత్తో పట్టుకుని మెట్టు మీంచి లేచాడు.

"మరి కారు సంగతి?" అన్నాడు డ్వేన్.

"ఇప్పుడు కుదరదయ్యా. అందులో మనుషులున్నారు."

ఫెరిస్ ఇల్లు రెండు వీధుల అవతలే. వాళ్ళు ఉడ్వర్డ్ అంతా తిరిగి అక్కడికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది.